పదును పెట్టినవాడి పేరు

ఆ గాజుపెట్టెలో కత్తి కింద పెట్టిన కార్డు మీద ఒక పేరు ఉండాలి. లేదు. దీన్ని పొరపాటు అనను, తప్పు అంటాను. పొరపాటయితే చెప్పగానే దిద్దుతారు. నేను వెళ్ళి చెప్పాను, ఉత్తరం రాశాను, మళ్ళీ రాశాను. దిద్దలేదు.

కార్డు మీద ఏముందో చెబుతాను. ఇది పచ్చి చేపలు పలచగా కోసే జపాను కత్తి అనీ, ఫలానా కమ్మరి వంశంవాళ్ళు చేశారనీ, ఫలానా రెస్టారెంటు యజమాని బహూకరించారనీ ఉంది. కొట్టినవాడున్నాడు, ఇచ్చినవాడున్నాడు. ఆ యజమాని ఆ కత్తితో వ్యాపారం చేసినన్నాళ్ళూ దాన్ని రాతిమీద నూరి నూరి బతికించినవాడు లేడు.

ఆయన పేరు నాకు తెలుసు. ఇక్కడ మాత్రం రాయను. ముందు అక్కడ పడాలి, తర్వాతే ఇక్కడ. వాళ్ళు వదిలేసిన ఖాళీని నేను ఇంకోచోట పూడ్చిపెడితే వాళ్ళకి హాయి. అందాకా పెద్దాయన అంటాను. వయసులో నాకంటే కాస్తే పెద్ద. కోపంలో చాలా పెద్ద.

మార్కమ్‌లో మా ఇంటికి దగ్గర్లో ఒక ప్లాజా ఉంది. ముందువైపు బబుల్ టీ దుకాణం, మనవాళ్ళ దోశ హోటలు, ట్యాక్సులు చూసిపెట్టే ఆఫీసు. వెనకవైపు, ట్రక్కుల్లోంచి సామాను దించుకునే తలుపుల పక్కన, జపాను నుంచి వచ్చిన ఈ పెద్దాయన కొట్టు. బోర్డు లేదు. తలుపు మీద చేత్తో గీసిన కత్తి బొమ్మ, దానికింద ఇంగ్లీషులో ఒక్క ముక్క: డిష్‌వాషర్ వాళ్ళు రావద్దు.

ఆ మాట వేళాకోళానికి రాసింది కాదు. ఒకసారి ఒకావిడ ఖరీదైన కోటు వేసుకుని, పెట్టెలో పెట్టి మరీ కత్తి తెచ్చింది. ఆయన పెట్టె మూత తీసి, పిడి వంక చూసి, మూత వేసేశాడు. గిన్నెలు కడిగే మెషిన్లో వేడినీళ్ళు పోసుకుని పోసుకుని పిడి చెక్క పాలిపోయి, పగుళ్ళిచ్చి ఉంది.

"నేనెప్పుడూ మెషిన్లో వెయ్యలేదు" అందావిడ.

"మరి నాకు తెచ్చిందేమిటి? కత్తా, ఉడకబెట్టిన బొమికా?" అన్నాడు పెద్దాయన.

ఆవిడ విసవిసా వెళ్ళిపోయింది. "పాపం, డబ్బులిచ్చే మనిషి" అన్నాను నేను. "కత్తికి ఎవరిస్తారు డబ్బులు?" అన్నాడు. ఇంగ్లీషులో నువ్వు, మీరు అనే తేడా లేదుగానీ, ఆయన ఎవరితో మాట్లాడినా గొంతులో నువ్వు అనే వినపడేది. అందుకని ఇక్కడ కూడా అలాగే రాస్తున్నాను.

నేను మొదటిసారి వెళ్ళింది మా ఆవిడ కత్తి పట్టుకుని. కోడలు కొనిచ్చిన జపాను కత్తి. మా ఆవిడ దాంతో గుమ్మడికాయ కొట్టబోయి అంచు విరగ్గొట్టింది. ఈ కత్తులకి లోపల ఉక్కు గాజంత గట్టిగా ఉంటుంది. ఎంత పదునో అంత పెళుసు. నేను విశాఖలో లేతు మీద పని నేర్చుకుని, ఈ దేశం వచ్చి, సార్నియాలో ఫ్యాక్టరీ మెషిన్లు బాగుచేస్తూ రిటైరైనవాణ్ణి. కాలేజీ గుమ్మం ఎక్కలేదు. చదివిందంతా లైబ్రరీల్లో, లంచ్ టైముల్లో. ఇనుము గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదని ఒక ధీమా ఉండేది. ఇప్పటికీ ఉంది.

ఆయన చెయ్యి చాచాడు. నేను కత్తి ఆయన చేతిలో పెట్టలేదు. కౌంటరు మీద పెట్టి చెయ్యి తీసేశాను. మనకది అలవాటు. కత్తీ ఉప్పూ చేతికి చేతికి ఇవ్వం. కింద పెడితే అవతలివాళ్ళు తీసుకోవాలి. లేకపోతే తగువులొస్తాయంటారు. చదువుకుంటూ చదువుకుంటూ ఇలాంటివి చాలా వదిలేశాను. ఇదొక్కటీ చేతిలో ఉండిపోయింది.

ఆయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. దానివంక తనే చూసుకున్నాడు. వేళ్ళ సందుల్లో రాతి బురద, గోళ్ళ నిండా నలుపు.

"నా చెయ్యి మురికనా?" అన్నాడు.

చేతికి ఇవ్వకుండా కింద పెట్టడానికి మన దేశంలో ఇంకో అర్థం కూడా ఉంది. ఆ అర్థం ఈయనకెలా తెలిసిందా అని కంగారుపడ్డాను. తెలియక్కర్లేదు. చాచిన చేతిని గాల్లో వదిలేస్తే ఏ దేశంలోనైనా ఒకటే అర్థం.

"అయ్యో, అది కాదు. మావైపు కత్తి చేతికిస్తే ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ పోట్లాట వస్తుందని నమ్మకం."

"ఎంత పోట్లాట?"

"ఇక మాటలుండవు."

"నాతో మాటల్లేనివాళ్ళు చాలామందున్నారు. వాళ్ళ దగ్గర చేతికే పుచ్చుకుని ఉంటాను" అన్నాడు. మొహం మీద నవ్వు లేదు. తర్వాత మడతపెట్టిన తువ్వాలొకటి తెచ్చి కౌంటరు మీద వేశాడు. "దీనిమీద పెట్టు. నీతో మాట్లాడాలి. దీన్ని ఇంత నాశనం చేసిందెవరో నాకు తెలియాలి."

"మా ఆవిడ."

"ఆమెని తీసుకురా."

అప్పట్నుంచీ ఆ తువ్వాలు మా ఇద్దరికీ మధ్యవర్తి. నేను తువ్వాలు మీద పెడితే ఆయన తీసుకునేవాడు, ఆయన పెడితే నేను. అయినా పోట్లాటలు ఆగలేదనుకోండి. ఆయన నన్ను ఇంజినీర్ అనేవాడు. కాదయ్యా, నాకు డిగ్రీ లేదు అంటే, "ఈ ఊళ్ళో ఇండియన్లందరూ ఇంజినీర్లే. నీ ఒక్కడికోసం మార్చలేను" అనేవాడు. నేను చక్రం మీద సానపడితే చిటికెలో అయిపోయేదానికి ఈ రాళ్ళెందుకు అనేవాణ్ణి. "చక్రం వేడి చేస్తుంది, వేడి ఉక్కు ప్రాణం తీస్తుంది, తెలీదా ఇంజినీర్?" అనేవాడు. నీళ్ళు పోస్తూ చక్రం తిప్పచ్చు కదా అని నేను. "తిప్పుకో, మీ ఇంట్లో" అని ఆయన. నా మాటా నిజమే. ఆయనా ఒప్పుకోడు, నేనూ వదలను. ఒక్కోసారి ఇలాగే మధ్యాహ్నం గడిచిపోయేది.

ఆయన పని చేస్తుంటే మాత్రం నేను నోరు మూసుకునేవాణ్ణి. రాళ్ళు బకెట్టులో నానుతూ ఉండేవి. గరుకుది ఒకటి, నునుపుది ఒకటి, గుడ్డలో చుట్టి దాచుకున్న సన్నటి రాయి ఇంకొకటి. ఆ సన్నటిది కొండలోంచి తవ్వినదనీ, అరిగి అరిగి అప్పచ్చిలా అయిందనీ, అది అయిపోయేసరికి తనూ అయిపోతే లెక్క సరిపోతుందనీ అనేవాడు. మనం ఇస్త్రీ బట్టల మీద నీళ్ళు చిలకరించినట్టు వేళ్ళతో రాతిమీద చిలకరించేవాడు. నూరుతుంటే బురద తేలుతుంది. నేనొకసారి ఆ బురద కడగబోతే చేతిమీద ఒక్కటేశాడు. నిజంగానే, చెంపదెబ్బలాగ. పని చేసేది ఆ బురదేనట. ఇంత ముసలివాణ్ణి, చిన్నపిల్లాడిలా చెయ్యి రుద్దుకుంటూ కూర్చున్నాను. కొట్టంతా తొలకరి పడ్డ మట్టివాసన.

పదును అయిందో లేదో చూడడానికి అందరూ కాగితం కోస్తారు, చేతిమీద వెంట్రుకలు గీస్తారు. పెద్దాయనకి టమాటాయే కావాలి. కత్తిని టమాటా మీద ఆనించి వదిలేసేవాడు. నొక్కడు. కత్తి తన బరువుకి తను దిగిపోవాలి. దిగితే ఆ టమాటాకి ఉప్పు రాసుకుని తినేసేవాడు. దిగకపోతే ఆ టమాటాని కూడా తిట్టేవాడు.

మా ఆవిడని చివరికి తీసుకెళ్ళాను. వెళ్ళేటప్పుడు ఆవిడ ఖాళీ చేతుల్తో రాలేదు. పెళ్ళినాడు మా అత్తగారిచ్చిన కత్తిపీట, ఒక సీసాడు ఆవకాయ పట్టుకొచ్చింది. కత్తిపీటకి పదును పోయి ఎన్నేళ్ళయిందో.

"ఈవిడేనా?" అన్నాడు పెద్దాయన.

"నేనే. గుమ్మడికాయ కొయ్యలేనిది కత్తేమిటండీ?" అంది మా ఆవిడ తెలుగులో. నేను ఇంగ్లీషులో చెప్పాను, కాస్త మెత్తబరచి.

"నువ్వు తగ్గించి చెప్పావు. ఆమె మొహం ఇంకేదో అంది" అన్నాడాయన. అప్పట్నుంచీ ఆవిడ్ని బాస్ అనేవాడు.

కత్తిపీట చూసి మాత్రం చిన్నపిల్లాడైపోయాడు. పీట అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. కొబ్బరి కోరే పళ్ళు వేలితో తడిమాడు. నూరి, పదును పెట్టి, నేలమీద బాసిపట్టు వేసుకుని కూర్చుని, "ఎలా?" అన్నాడు. మా ఆవిడ పీట మీద కాలు వేసి తొక్కిపట్టి, దోసకాయ కోసి చూపించింది. ఆయన అలాగే కాలు వేసి, దోసకాయ రెండు చేతుల్తో పట్టుకుని కత్తిమీదకి తోశాడు. బొటనవేలు తెగింది. జీవితమంతా కత్తిని కదిలించినవాడు, కత్తి కదలకుండా నిలబడితే చెయ్యి ఎక్కడ ఆపాలో తెలియలేదు.

మా ఆవిడ కంగారుగా పసుపు ఉందా అనడిగింది. జపానాయన కొట్లో పసుపెక్కడుంటుంది? దోశ హోటలుకి పరిగెత్తి తెచ్చాను. ఆయన వేలు నోట్లో పెట్టుకుని నవ్వుతున్నాడు. "మంచి కత్తి. చాలా మంచి కత్తి. నేను పెట్టిన పదునే నన్ను కోసింది" అని ఆ పసుపు వేలుని వారమంతా వచ్చినవాళ్ళందరికీ చూపించాడు.

ఆవకాయ కూడా అంతే. ముక్క నోట్లో వేసుకుని, కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకుని, పంటికింద టెంక తగిలి ఆగిపోయాడు. "లోపలి గట్టిది కూడా కోశారా? దేనితో?" అన్నాడు. ఆవకాయ కత్తి సంగతి చెప్పాను, ఇంత పెద్దదీ, మామిడికాయ టెంకతో సహా నరికేదీ అని. "ఆ కత్తి నా కొట్టుకి తేవద్దు" అన్నాడు భయంగా. సీసా మాత్రం తిరిగివ్వలేదు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నదీ, నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేదీ ఒకటే సంగతి. జపానులో ఆయన పుట్టిన ఊళ్ళో కత్తి ఒక్కడు చెయ్యడట. కమ్మరి కొలిమిలో కాల్చి, కొట్టి, ఆకారం తెస్తాడు. అప్పటికది కత్తి ఆకారంలో ఉన్న ఇనుపముక్కే, దేన్నీ కొయ్యదు. అది ఇంకో ఇంటికి వెళుతుంది. అక్కడ నూరేవాళ్ళు పదును తెస్తారు. మరో ఇంట్లో పిడి బిగిస్తారు. ఆఖరికి కత్తిమీద ఉలితో పేరు చెక్కుతారు. కమ్మరి పేరో, అమ్మేవాడి పేరో. నూరేవాడిది కాదు.

"మరి మీ పేరో?" అన్నాను. సార్నియాలో నేను బాగుచేసిన మెషిన్ల కాగితాల మీద ఎవరెవరు సంతకాలు పెట్టారో నాకు గుర్తే. నా గొంతు కాస్త పెరిగే ఉంటుంది.

"అంచుమీదుంది."

"నాకు కనపడదే?"

"కనపడితే మొద్దుగా ఉన్నట్టు" అన్నాడు.

కత్తిని వెలుతురుకి ఎదురుగా పట్టి చూపించాడు. అంచు మొద్దుబారితే దానిమీద వెలుగు నిలబడి తెల్లటి గీతలా మెరుస్తుంది. నిజంగా పదునుంటే వెలుగు నిలవడానికి చోటే ఉండదు. అక్కడేమీ కనపడదు. మా ఆవిడ కత్తిని అలా పట్టుకుని ఎంతసేపు చూశానో. అంచు ఎక్కడ ఆగిందో, గాలి ఎక్కడ మొదలైందో తెలియలేదు.

ఇలా చెబితే ఆయనేదో పేరు అక్కర్లేని యోగి అనుకుంటారు. అబద్ధం. ఆయనకి పేరు కావాలి. ఒక కమ్మరి ఏదో సన్మానం పుచ్చుకుంటూ కత్తి పట్టుకుని దిగిన ఫొటో ఎక్కడో పత్రికలో పడితే, దాన్ని కత్తిరించి గోడకి అంటించాడు. ఫొటోలో కత్తి అంచు పొడుగునా ఎర్ర పెన్నుతో గీత గీశాడు. వచ్చినవాళ్ళందరికీ ఆ గీత చూపించి, "ఈ మనిషి వాడు. ఈ గీత నేను" అనేవాడు. దోశ హోటల్లో టీవీలో ఎవరో చేపముక్క కోస్తూ కనపడ్డా, "ఆ ముక్క చూడు, అద్దంలా ఉంది. ఎవరో నాలాంటివాడు" అనేవాడు.

పోయిన శరదృతువులో ఆ రెస్టారెంటు యజమాని వచ్చాడు. వ్యాపారం మూసేస్తున్నాడు. కత్తిని ఒక సాంస్కృతిక కేంద్రం వాళ్ళు అడిగారు, ఇచ్చేస్తున్నాను, ఆఖరిసారి చూడండి అని తువ్వాలు మీద పెట్టి వెళ్ళాడు. ఒకప్పుడది మోచేతిదాకా వచ్చేదట. నూరి నూరి పొట్టిదై, సన్నబడి, ఉలితో చెక్కిన పేరు దాదాపు అంచుదాకా వచ్చేసింది. కమ్మరి చేసినదాంట్లో సగం ఎప్పుడో బురదలో కలిసిపోయింది. మిగిలిన ఆకారం పెద్దాయనది. ఇది నేను వాళ్ళకి రాసిన ఉత్తరాల్లోనూ రాశాను.

అప్పటికే ఆయనకి ఒంట్లో బాగాలేదు. నాలుగుసార్లు నూరి, ఆగి, బల్ల పట్టుకుని ఊపిరి పీల్చుకునేవాడు. గుడ్డలో చుట్టిన సన్నటి రాయి తీశాడు. నేను ఊరుకోలేక అన్నాను: "గాజుపెట్టెలోకి పోయే కత్తి. ఇంక దేన్ని కొయ్యాలని? ఎందుకింత అవస్థ?"

ఆయన నూరడం ఆపాడు.

"మీవాళ్ళెవరైనా పోతే స్నానం చేయించరా?" అన్నాడు.

సాయంత్రం దాకా బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాను. ఆఖర్న టమాటా తెమ్మన్నాడు. కత్తి ఆనించి వదిలాడు. అది దిగడం నేను చూడలేదు. టమాటా రెండు చెక్కలై పక్కకి ఒరగడం చూశాను, అంతే. ఒక చెక్క ఆయన తిన్నాడు, ఒకటి నాకిచ్చాడు. కత్తిని పొడిగా తుడిచి, నూనె రాసి, కాగితంలో చుట్టాడు.

తర్వాత లోపల్నుంచి, అంతకుముందు మళ్ళీ నూరమని నేనిచ్చిన మా ఆవిడ కత్తి తెచ్చాడు. దాన్నీ నూరి ఉంచాడు. తువ్వాలు కౌంటరు మీదే ఉంది. నేను దానివంకే చూస్తున్నాను. ఆయన అక్కడ పెట్టలేదు. పిడి నావైపు తిప్పి, చేత్తో నాకే అందించాడు.

"పట్టుకో. ఇంక మనం పోట్లాడుకునేంత టైము లేదు."

పట్టుకున్నాను. చలికాలం నడుమ ఆయన పోయాడు. ఇప్పుడా కొట్లో ఫోన్లకి తొడుగులు అమ్ముతున్నారు.

మొన్న వసంతంలో మన తెలుగువాళ్ళ సంగీత కార్యక్రమం ఒకటి ఆ సాంస్కృతిక కేంద్రంలోనే పెట్టారు. విరామంలో కాఫీ కోసం నడుస్తుంటే వరండాలో గాజుపెట్టె. చూడగానే గుర్తుపట్టాను. పైనుంచి లైట్లు కొడుతున్నాయి, అంచు పొడుగునా తెల్లటి మెరుపు. గాజుదనుకున్నాను. కార్డు చదివాను. మళ్ళీ చదివాను. రెండో సగం పాటలు నేను వినలేదు.

కౌంటర్లో ఒకమ్మాయి. "సర్, కార్డులు మేం రాయం" అంది.

"ఎవరు రాస్తారు?"

"కమిటీ. మీరు రైటింగ్‌లో ఇవ్వండి సర్."

ఇచ్చాను. నా ఇంగ్లీషు లైబ్రరీలో నేర్చుకున్నది, వంకలేమైనా ఉంటే ఉంటాయిగానీ అర్థం కాకపోవడం ఉండదు. జవాబు లేదు. వారం వారం వెళ్ళి గాజుపెట్టె ముందు నిలబడుతూ వచ్చాను. ఆ అమ్మాయి నన్ను చూడగానే ఫోన్ అందుకునేది. ఒక ఆదివారం అక్కడే మన రిటైర్డ్ సర్జన్ గారొకాయన కలిసి, "ఒక కత్తి గురించి ఇంత రచ్చేంటండీ ఈ వయసులో?" అన్నారు.

"మీరు జీవితమంతా కత్తి పట్టుకునే కదండీ సంపాదించారు. దానికి పదునెవరు పెట్టారో ఎప్పుడైనా అడిగారా?" అన్నాను.

"మావి డిస్పోజబుల్ అండీ. ఒకసారి వాడి పారేస్తాం" అన్నారాయన, నవ్వుతూ. ఇంటికెళ్ళేదాకా ఆ మాటే తొలుస్తూ ఉంది.

ఇంట్లో మా ఆవిడ ఆ కత్తితోనే బెండకాయలు కోస్తోంది. రోజూ కోస్తుంది. ఆయన నా చేతిలో పెట్టిన పదును కొంచెం కొంచెంగా బెండకాయల్లోకీ ఉల్లిపాయల్లోకీ పోతోంది.

"కాస్త వేరే కత్తి వాడరాదూ?" అన్నాను.

"వాడకపోతే ఆయనే తిట్టేవాడు. దీన్ని కూడా గాజుపెట్టెలో పెడతారేమిటి? పెడితే పెట్టండి, పులుసు మాత్రం మీరే చేసుకోండి" అందావిడ.

అదీ నిజమే. నిన్న కిటికీ దగ్గర ఆ కత్తిని వెలుతురుకి పట్టి చూశాను. మొన దగ్గర ఒకచోట, సన్నగా, తెల్లగా వెలుగు నిలబడింది. మళ్ళీ పదును పెట్టేవాడు లేడు. ఇక ఆయన చేతి పదును చెక్కుచెదరకుండా మిగిలింది ఆ గాజుపెట్టెలోదొక్కటే. అందుకే ఆఖరి ఉత్తరంలో వాళ్ళకి ఒకటే రాశాను: "మీరు నా మాట నమ్మనక్కర్లేదు. పెట్టె తాళం తీసి, ఒక టమాటా మీద ఆ కత్తిని ఆనించి వదలండి. ఆయన పేరు ఆ అంచుమీద ఉంది. దాన్ని కార్డు మీదకి ఎక్కించండి, చాలు."

ఈ ఉత్తరానికి జవాబు వచ్చింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని నేనేమీ కలపకుండా తెలుగులో పెడుతున్నాను:

"అయ్యా, కత్తి గురించి మీరు రాసిన ఉత్తరాలన్నీ అందాయి. జవాబు ఆలస్యమైనందుకు మన్నించండి. మీ వాదన కమిటీకి సబబుగానే తోచింది. అయితే జనం తిరిగేచోట పదునైన వస్తువులు ఉంచకూడదన్న మా నియమం ప్రకారం, ప్రదర్శనకు పెట్టేముందే ఆ కత్తి అంచును మెషిన్ మీద పూర్తిగా మొద్దు చేయించాం. మీరు చెప్పిన వ్యక్తి పెట్టిన పదును ఇప్పుడు దానిమీద లేదు కాబట్టి, కార్డులోని వివరాలు సరైనవేనని భావిస్తున్నాం. ఆయన పదును పెట్టిన కత్తి ఇంకేదైనా మీ దగ్గర ఉంటే సంతోషంగా తీసుకుని, ఆయన పేరుతోనే ప్రదర్శిస్తాం. దాన్ని కూడా ముందుగా మొద్దు చేయించవలసి ఉంటుంది."